పన్ను వేసిందీ ఆ శాఖే... అప్పీలు వినేదీ ఆ శాఖే

ఆదాయపు పన్ను అధికారి వేసిన పన్ను అన్యాయమని తోచిన పౌరుడు మొదట వెళ్లాల్సింది కోర్టుకు కాదు, అదే శాఖలోని మరో అధికారి దగ్గరికి. ఆయన హోదా అప్పీళ్ల కమిషనర్. ఆయన కూడా ఇండియన్ రెవెన్యూ సర్వీసు అధికారే. పన్ను వేసిన అధికారిని నడిపించే కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు చేతిలోనే ఆయన బదిలీ, పోస్టింగు ఉంటాయి. నిన్నటిదాకా అసెస్‌మెంట్లను పర్యవేక్షించిన మనిషి ఇవాళ వాటిమీద అప్పీళ్లు వింటాడు, రేపు మళ్లీ పర్యవేక్షణకే వెళ్లవచ్చు. దేశంలో పన్ను తగాదాలు అన్నిటికంటే ఎక్కువగా పేరుకుపోయిన మెట్టు ఇదే. ఇక్కడ పెండింగులో ఉన్న అప్పీళ్ల సంఖ్య ఇటీవలి సంవత్సరాల్లో ఐదు లక్షలు దాటింది. వాటిలో పెద్ద కంపెనీలవీ ఉన్నాయి, చిన్న వ్యాపారులవీ పింఛనుదారులవీ పొలం అమ్ముకున్న రైతులవీ ఉన్నాయి. తమ కేసు వినేవాడు ఎదుటి పక్షం మనిషేనన్న అనుమానం వీళ్లలో చాలామందికి మొదటి రోజు నుంచే ఉంటుంది. ఆ అనుమానం సహజమే. అలాగని శాఖలోపలి అప్పీలును ఎత్తేయడం దానికి విరుగుడు కాదు. ఆ అధికారి ఏ భవనంలో కూర్చున్నాడన్నది చిన్న విషయం. ఆయన పనికి మార్కులు ఎవరు వేస్తారు, ఆయన చెవిలో ఎవరు మాట్లాడగలరు అన్నవే అసలు ప్రశ్నలు. ఈ రెండిటినీ సరిచేయగలిగితే శాఖలోపలి అప్పీలు సామాన్యుడికి కోర్టుకంటే దగ్గరి న్యాయం అవుతుంది. చేయకపోతే ఎంత టెక్నాలజీ తెచ్చినా అది ట్రిబ్యునల్‌కు వెళ్లే దారిలో ఒక వెయిటింగ్ రూమ్‌గానే మిగులుతుంది.

ఈ ఏర్పాటు వెనక పెద్ద చరిత్రే ఉంది. 1922 నాటి ఆదాయపు పన్ను చట్టం కింద అసిస్టెంట్ కమిషనర్ అనే ఒకే అధికారి కింది అధికారులను పర్యవేక్షించేవాడు, వాళ్ల ఉత్తర్వుల మీద అప్పీళ్లూ వినేవాడు. తాను అజమాయిషీ చేసిన పనిమీద తానే తీర్పు చెప్పడం కుదరదని వలస ప్రభుత్వానికి కూడా అర్థమై, 1939 సవరణతో ఆ పదవిని రెండుగా విడగొట్టింది. తనిఖీ చేసే అసిస్టెంట్ కమిషనర్ ఒకరు, అప్పీళ్లు వినే అసిస్టెంట్ కమిషనర్ మరొకరు. ఆ సవరణలోంచే శాఖకు బయట ఉండే ఆదాయపు పన్ను అప్పిలేట్ ట్రిబ్యునల్ కూడా పుట్టి, 1941 జనవరి 25న పని మొదలుపెట్టింది. అది ఇప్పుడు ఆర్థిక శాఖ కింద కాకుండా న్యాయశాఖ కింద ఉంది. మనకు హైదరాబాద్‌లోనూ విశాఖపట్నంలోనూ దాని బెంచీలు ఉన్నాయి. పెద్ద హోదాగల అప్పీళ్ల కమిషనర్ పదవి 1978లో వచ్చింది. పర్యవేక్షణను తీర్పు నుంచి వేరుచేయాలన్నది కొత్త కోరిక కాదని ఈ చరిత్ర చెబుతోంది. ఎనభై ఏళ్లకు పూర్వమే మొదలైన ఆ పని సగంలో ఆగిపోయింది. పని విడిపోయింది గానీ ఆ పని చేసే మనుషుల కొలమానం విడిపోలేదు.

అప్పీళ్ల కమిషనర్ ఆఫీసు పనితీరు కాగితం మీద చక్కగానే కనిపిస్తుంది. 1961 చట్టం ప్రకారం డిమాండ్ నోటీసు అందిన 30 రోజుల్లో ఫారం 35లో అప్పీలు వేయాలి. రుసుము ఆదాయాన్ని బట్టి 250 నుంచి 1,000 రూపాయలు. రిటర్నులో తానే ఒప్పుకున్న పన్ను ముందుగా కట్టి ఉండాలి. లాయరు తప్పనిసరి కాదు, ఆడిటరు వాదించవచ్చు, పన్నుదారు స్వయంగానూ చెప్పుకోవచ్చు. కమిషనర్ ఇరుపక్షాల కాగితాలు చూసి, తేల్చాల్సిన అంశాలేమిటో, తన నిర్ణయమేమిటో, దానికి కారణాలేమిటో లిఖితపూర్వకంగా చెప్పాలి. అసెస్‌మెంట్ అప్పుడు చూపని కొత్త సాక్ష్యం తెస్తే దాన్ని ఊరికే తీసుకోరు. అప్పట్లో ఎందుకు చూపలేకపోయారో సరైన కారణం ఉండాలి. తీసుకుంటే పన్ను వేసిన అధికారికి కూడా దాన్ని పరిశీలించే అవకాశం ఇవ్వాలి. ఆయన పంపే జవాబునే రిమాండ్ రిపోర్టు అంటారు. ఇక అధికారాల విషయానికొస్తే, అప్పీలు అధికారికి పన్ను అధికారితో సమానమైన విస్తృతి ఉందని, పన్ను అధికారి చేయగలిగినదంతా ఈయనా చేయగలడని కాన్పూర్ కోల్ సిండికేట్ కేసులో 1964లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అంటే పన్నును తగ్గించగలడు, రద్దు చేయగలడు, నోటీసు ఇచ్చి సంజాయిషీ విన్నాక పెంచగలడు కూడా. అప్పీలుకు వెళ్లినవాడు వెళ్లకముందుకంటే ఎక్కువ భారంతో తిరిగిరావచ్చన్న మాట. కోర్టులో అప్పీలు వేసినవాడికి మామూలుగా ఉండని ఈ ప్రమాదం ఇక్కడ ఉంది. అందుకే ఈ అధికారి ఎవరి మనిషి అన్న ప్రశ్నకు ఇక్కడ అంత బరువు.

మన ప్రాంతంలో తరచు ఎదురయ్యే తరహా కేసు ఒకటి తీసుకుంటే ఆ బరువు తెలుస్తుంది. హైదరాబాద్ చుట్టుపక్కలనో, గుంటూరు, విజయవాడ పరిసరాల్లోనో రైతు పొలం అమ్మి, వచ్చిన నగదు బ్యాంకులో వేశాడనుకుందాం. సేవింగ్స్ ఖాతాలో ఏడాదికి పది లక్షలు, ఆపైన నగదు జమైతే బ్యాంకు ఆ సమాచారం శాఖకు పంపాలి. పెద్దనోట్ల రద్దు కాలంలో ఆ హద్దు రెండున్నర లక్షలే. నోటీసు వస్తుంది, రైతుకు అందదు, లేదా అర్థం కాదు. జవాబు లేకపోయేసరికి అధికారి ఆ సొమ్మును లెక్క చెప్పని డబ్బుగా తేలుస్తాడు. నోట్ల రద్దు తర్వాత తెచ్చిన సవరణ ప్రకారం దానిమీద పన్ను 60 శాతం, ఆ పన్నుమీద 25 శాతం సర్‌ఛార్జి, అప్పటి 3 శాతం సెస్సు. పది లక్షల జమకు 7,72,500 రూపాయల పన్ను, వడ్డీ, జరిమానా అదనం. నిజానికి ఆ పొలం గ్రామీణ వ్యవసాయ భూమి అయితే అమ్మకం మీద మూలధన లాభాల పన్నే ఉండదు. దానికి కొలత ఉంది. పది లక్షలు దాటిన జనాభాగల నగరమైతే దాని హద్దు నుంచి తిన్నగా గీత గీసి కొలిచినప్పుడు పొలం 8 కిలోమీటర్లకు అవతల ఉండాలి. లక్ష నుంచి పది లక్షల జనాభా ఉన్న ఊరైతే 6 కిలోమీటర్లు, పదివేల నుంచి లక్ష అయితే 2 కిలోమీటర్లు. ఈ కేసులో గెలుపు ఓటములు చట్టంలోని గొప్ప సూక్ష్మాల మీద ఆధారపడవు. పహాణీ, అడంగల్, తహసీల్దారు ఇచ్చిన దూరం సర్టిఫికెట్, అమ్మకపు దస్తావేజు, మార్కెట్ యార్డు తక్‌పట్టీ, వీటిని ఎవరైనా ఓపిగ్గా చదివారా లేదా అన్నదాని మీద ఆధారపడతాయి.

శాఖలోపలి అప్పీలు ఉండాలనడానికి బలమైన కారణం కూడా ఇదే. ట్రిబ్యునల్‌కు దేశం మొత్తం మీద అరవై పైచిలుకు బెంచీలే ఉన్నాయి. హైకోర్టు చట్టపరమైన ముఖ్య ప్రశ్న ఉంటేనే పన్ను అప్పీలు తీసుకుంటుంది. రైతు అడంగల్‌ను పేజీ తిప్పి చూసే తీరిక ఆ పైమెట్లకు ఉండదు. బ్యాంకు స్టేట్‌మెంటు చదవడం, ఖాతా పుస్తకాలు సరిపోల్చడం, లెక్కలోని పొరపాటు పట్టుకోవడం ఇరవై ఏళ్లు అదే పని చేసినవాడికి చేతనైనంతగా ఇంకెవరికీ చేతకాదు. శాఖ మనిషి కావడం ఈ పనికి అర్హతే. వెయ్యి రూపాయలు మించని రుసుముతో, వకాల్తా లేకుండా, రాతకోతల ఇబ్బంది పెద్దగా లేకుండా వాస్తవాలను మొదటినుంచీ తిరగదోడే చోటు దేశంలో పన్నుదారుకు ఇదొక్కటే. దీన్ని మూసేసి అందరినీ ట్రిబ్యునల్‌కు పంపమనేవాళ్లు ఒక సంగతి గమనించాలి. అలా చేస్తే మొదట నష్టపోయేది పెద్ద ఆడిటింగ్ సంస్థలను పెట్టుకోగలిగిన కంపెనీలు కాదు, ఊళ్లోని ఆడిటరు గారి దగ్గరికి ఫైలు పట్టుకెళ్లే చిన్నవాళ్లు. 2017-18 ఆర్థిక సర్వే ఇచ్చిన లెక్కలో పెండింగు కేసుల్లో 66 శాతం ఒక్కొక్కటి పది లక్షల లోపువి. వాటన్నిటి మొత్తం కలిపినా వివాదంలో ఇరుక్కున్న సొమ్ములో 1.8 శాతమే. ఖజానాకు లెక్కలోకి రానంత చిన్న మొత్తాలవి. ఆ కుటుంబాలకు మాత్రం జీవితమంతా దాచుకున్న డబ్బు.

శాఖ మనిషి వాస్తవాలను చూడగలడు సరే, నిష్పక్షంగా చూస్తాడా? చట్టం రాసినవాళ్లకు ఈ అనుమానం ఉంది. అందుకే బోర్డు తన కింది అధికారులందరికీ ఆదేశాలు ఇవ్వవచ్చని చెప్పిన 119వ సెక్షన్‌లోనే, అప్పీళ్ల కమిషనర్ తన విచక్షణ వాడుకోవడంలో జోక్యం కలిగించే ఆదేశాలు ఇవ్వరాదని హద్దు గీశారు. ఈ గీత ఎంత పలుచనిదో 2018-19 కేంద్ర కార్యాచరణ ప్రణాళిక బయటపెట్టింది. అప్పీళ్ల కమిషనర్లు ఏడాదికి ఇన్ని కేసులు తేల్చాలని బోర్డు లక్ష్యాలు పెడుతుంది. తేల్చిన కేసులను యూనిట్లుగా లెక్కిస్తుంది. ఆ ఏడాది ప్రణాళికలో 'నాణ్యమైన' ఉత్తర్వులకు అదనపు యూనిట్లు ఇస్తామని చెప్పారు. ఏవి నాణ్యమైనవి? పన్ను పెంచిన ఉత్తర్వు, పన్ను అధికారి వాదనను బలపరిచిన ఉత్తర్వు, జరిమానా వేసిన ఉత్తర్వు. పన్నుదారుకు న్యాయం చేసిన ఉత్తర్వు ఎంత శ్రద్ధగా రాసినదైనా ఆ జాబితాలో లేదు. ఛాంబర్ ఆఫ్ టాక్స్ కన్సల్టెంట్స్ సంస్థ దీన్ని సవాలు చేస్తే, ఒక తరహా ఉత్తర్వుకు ఎక్కువ ఫలం చూపడం అప్పీలు అధికారి విచక్షణలో జోక్యమేనని తేల్చి బొంబాయి హైకోర్టు 2019 ఏప్రిల్‌లో ఆ భాగాన్ని కొట్టేసింది. ఎవరో ఒక అధికారి లంచం తీసుకున్న కథ కన్నా ఇది ఎక్కువ కలవరపరచాలి. ఇక్కడ చెడ్డ మనిషి ఎవరూ లేరు. ఒక పెద్ద వ్యవస్థ తన లక్ష్యాల పట్టిక తయారు చేసుకుంటూ, తీర్పరిని కూడా వసూళ్ల సిబ్బందిలో ఒకడిగా లెక్కేసుకుంది. అలా లెక్కేసుకోవడం తప్పన్న స్పృహ కూడా దానికి కలగలేదు.

కోర్టు ఆ భాగాన్ని కొట్టేసింది కదా, సమస్య తీరిపోయింది కదా అని కొందరు అంటారు. తీరలేదు. రాతపూర్వకంగా ఉన్న ప్రోత్సాహకం పోయింది, దాన్ని పుట్టించిన అమరిక అలాగే ఉంది. అప్పీళ్ల కమిషనర్ వార్షిక పనితీరు నివేదిక రాసేది శాఖలోని పైఅధికారులే. ఆయన ఇచ్చిన ఉత్తర్వు మీద ట్రిబ్యునల్‌కు వెళ్లాలా వద్దా అని తేల్చేది వసూళ్ల వైపున్న ప్రిన్సిపల్ కమిషనరే. పన్నుదారుకు ఉపశమనం ఇచ్చిన ఉత్తర్వును శాఖలోనే ఎవరో ఒకరు భూతద్దం పెట్టి చూస్తారు. ఉపశమనం నిరాకరించిన ఉత్తర్వును శాఖలో ఎవరూ తిరిగి చూడరు. మనిషి మంచివాడైనా ఈ రెంటి మధ్య తేడా అతని కలం మీద పనిచేయకుండా ఉండదు. దీనికి బదులుగా ఒక గట్టి వాదన ఉంది: శాఖే అప్పీళ్ల కమిషనర్ల ఉత్తర్వుల మీద పెద్దసంఖ్యలో ట్రిబ్యునల్‌కు వెళ్లింది, అంటే ఆ కమిషనర్లు శాఖకు వ్యతిరేకంగా ఎన్నో తీర్పులు ఇచ్చినట్టే కదా? నిజమే. ఈ పదవిలో నిర్భయంగా పనిచేసిన అధికారులు ఎంతోమంది ఉన్నారు. వాళ్ల వల్లే ఈ మెట్టు మీద ఇంకా నమ్మకం మిగిలింది. అయితే ఆ నిర్భయం వాళ్ల స్వభావం నుంచి వచ్చింది, పదవి ఇచ్చిన రక్షణ నుంచి రాలేదు. మంచి అధికారి దొరకడం అదృష్టంగా ఉన్నంతకాలం దాన్ని హక్కు అనలేం.

రక్షణ అంటే ఎలా ఉంటుందో చూడడానికి ట్రిబ్యునల్ ఒక ఉదాహరణ. 1990ల చివర్లో ట్రిబ్యునల్ ఇచ్చిన ఒక ఉత్తర్వును ప్రశ్నిస్తూ అప్పటి కేంద్ర న్యాయశాఖ కార్యదర్శి రాసిన లేఖను సుప్రీంకోర్టు కోర్టు ధిక్కారంగా పరిగణించింది. అది బయటి సంస్థ కాబట్టి అంత గోడ ఉందనుకుందాం. మరి శాఖలోపలే ఉంటూ గోడ కట్టుకోవడం సాధ్యమా? అమెరికా అనుభవం చూస్తే సాధ్యమే అనిపిస్తుంది. అక్కడి మన తెలుగువాళ్లు ఏటా ఏప్రిల్‌లో రిటర్నులు పెట్టే అంతర్గత రెవెన్యూ సేవా శాఖలో అప్పీళ్ల విభాగం 1927 నుంచీ ఉంది. 1998లో అమెరికన్ కాంగ్రెస్ చేసిన సంస్కరణ చట్టం ఆ విభాగం స్వతంత్రంగా ఉండి తీరాలని చెబుతూ ఒక చిన్న నియమం పెట్టించింది: పన్నుదారుకు తెలియకుండా, అతనికి పాల్గొనే అవకాశం లేకుండా అప్పీలు అధికారితో శాఖలోని మరో ఉద్యోగి ఆ కేసు గురించి మాట్లాడకూడదు, ఆ మాటలు అప్పీలు అధికారి స్వతంత్రతను దెబ్బతీసేలా ఉంటే. 2019 జులైలో వచ్చిన మరో చట్టం ఆ విభాగానికి స్వతంత్ర అప్పీళ్ల కార్యాలయం అని చట్టబద్ధమైన పేరు, ప్రత్యేక అధిపతిని ఇచ్చింది. ఆదాయం 4 లక్షల డాలర్లు మించని వ్యక్తులు కోరితే, విచారణకు కనీసం పది రోజుల ముందు శాఖ దగ్గరున్న తమ ఫైలు చూసుకునే హక్కు కూడా ఇచ్చింది. శాఖ ముందు లేవనెత్తని కొత్త అంశాలను అప్పీలులో తాను లేవనెత్తకూడదన్నది ఆ కార్యాలయం పాటించే విధానం. మన దగ్గర ఉన్న పన్ను పెంచే అధికారంతో పోల్చి చూడండి. ఆ కార్యాలయం మీద కూడా అక్కడి పన్నుదారుల హక్కుల అధికారి విమర్శలు చేస్తూనే ఉంటారు, అది లోపం లేనిదేమీ కాదు. కానీ వాళ్లు సరైన ప్రశ్న వేసుకున్నారు. అప్పీలు అధికారిని శాఖ నుంచి బయటికి పంపలేదు, ఆయన చెవిని మాత్రం కాపాడారు.

మన దేశం వేసుకున్న ప్రశ్న వేరు. 2020 ఆగస్టు 13న ప్రధాని పారదర్శక పన్ను విధాన వేదికను ప్రారంభించారు. సెప్టెంబరు 25 నుంచి ముఖాముఖి లేని అప్పీళ్ల పథకం అమలులోకి వచ్చింది. అధికారి ఎవరో పన్నుదారుకు తెలియకుండా, కేసు దేశంలో ఎక్కడున్న కమిషనర్‌కైనా కంప్యూటర్ ద్వారా చేరుతుంది, మాటలన్నీ ఢిల్లీలోని జాతీయ కేంద్రం గుండా నడుస్తాయి. బేరసారాలకు తలుపు మూయాలన్న ఉద్దేశం మంచిదే, కొంత ఫలితమూ ఇచ్చింది. పన్ను అధికారికీ అప్పీలు అధికారికీ మధ్య నడిచే ప్రతి మాటా రాతలోకి రావడం దానివల్ల కలిగిన పెద్ద మేలు. కారిడార్‌లో చెప్పుకునే మాటకు ఇందులో చోటు తగ్గింది. ఇంతటి మేలును పథకం గుర్తించి చట్టంలో నియమంగా రాసుకోలేదు. మరోపక్క, అసలు వినడాన్నే అది దాదాపు తీసేసింది. 2020 పథకంలో వీడియో ద్వారా విచారణ కోరినా ఇవ్వాలా వద్దా అన్నది అధికారుల అనుమతి మీద ఆధారపడేది. దీని మీద వ్యాజ్యాలు నడిచాక, 2021 డిసెంబరు 28న నోటిఫై చేసిన కొత్త పథకంలో, పన్నుదారు కోరితే వీడియో విచారణ ఇచ్చి తీరాలని మార్చారు. వినకుండా తీర్పు చెప్పే ఏర్పాటు ఏడాదికి పైగా దేశమంతటా నడిచింది, కోర్టు గడప తొక్కాకే మారింది.

రైతు కేసును ఈ ఏర్పాటులో పెట్టి చూడండి. అతని పహాణీ తెలుగులో ఉంటుంది. దస్తావేజు తెలుగులో ఉంటుంది. ఫైలు వెళ్లింది తెలుగు అక్షరం తెలియని అధికారికి. పొలం ఏ ఊళ్లో ఉంది, ఆ ఊరు ఏ మునిసిపాలిటీకి దగ్గర, రిజిస్ట్రేషన్ విలువకూ చేతులు మారిన డబ్బుకూ తేడా ఎందుకు వస్తుంది, కౌలు రైతు పేరు రికార్డులో ఎందుకు ఉండదు, ఇవి స్థానిక అధికారికి వివరించాల్సిన అవసరమే లేని సంగతులు. వెయ్యి మైళ్ల అవతలి అధికారికి ఎంత రాసినా చేరని సంగతులు. అధికారి ముఖం కనబడకపోవడం పక్షపాతాన్ని తగ్గిస్తుందేమో గానీ, నేల తెలియకపోవడం పొరపాటును పెంచుతుంది. ముఖాముఖి లేకుండానే అదే భాషా ప్రాంతంలోని అధికారుల మధ్య కేసులు పంచవచ్చు. హైదరాబాద్ కేసు విశాఖలో తెలుగు చదవగలిగిన అధికారికి వెళ్తే గోప్యతకు ఏ భంగమూ రాదు. ఇలా చేస్తే మళ్లీ స్థానిక పరిచయాలు, పైరవీలు మొదలవుతాయని అభ్యంతరం చెబుతారు. రెండు రాష్ట్రాల్లో ఉన్న కమిషనర్లలో కేసు ఎవరికి వెళ్లిందో కంప్యూటర్ బయటపెట్టనప్పుడు పైరవీ ఎవరి దగ్గర చేయాలి?

ఈ దూరం వల్ల మరో నష్టం పుట్టింది. నోటీసులు ఈమెయిల్‌కు వెళ్తాయి. ఆ ఈమెయిల్ పన్నుదారుది కాకుండా, ఎప్పుడో రిటర్ను పెట్టిన ఇంటర్నెట్ సెంటర్‌దో, మారిపోయిన ఆడిటరుదో అయి ఉంటుంది. రెండు మూడు నోటీసులకు జవాబు రాకపోతే, పన్నుదారు తన వాదన నిరూపించుకోలేదంటూ ఎక్స్‌పార్టీ ఉత్తర్వు వెలువడుతుంది. పన్నుదారు రాలేదన్న ఒక్క కారణంతో అప్పీలు కొట్టేయడానికి వీల్లేదని, కేసులోని బాగోగులు చూసి తేల్చాలని ప్రేమ్‌కుమార్ అర్జున్‌దాస్ లూథ్రా కేసులో బొంబాయి హైకోర్టు 2016లో స్పష్టంగా చెప్పింది. అయినా అలాంటి ఉత్తర్వులు ట్రిబ్యునల్ దాకా వెళ్లడం, ట్రిబ్యునల్ వాటిని మళ్లీ వినమని వెనక్కి పంపడం మామూలైపోయింది. లక్ష్యాల పట్టికలో అది తేలిన కేసు. పన్నుదారు జీవితంలో మాత్రం నాలుగైదేళ్ల తర్వాత మళ్లీ మొదటికి వచ్చిన కేసు. తేల్చిన సంఖ్యతో పనిని కొలిచినంతకాలం ఇలాంటి ఉత్తర్వులు రాసేవాడికి మార్కులు, ఓపిగ్గా విన్నవాడికి వెనకబాటు తప్పవు. కమిషనర్ పనిని కొలవాలంటే ఆయన ఉత్తర్వుల్లో పైమెట్టులో ఎన్ని నిలిచాయో చూడాలి. అవి పన్నుదారుకు అనుకూలమా, శాఖకు అనుకూలమా అన్నది లెక్కలోకే రాకూడదు.

ఆలస్యం ఇరుపక్షాలకూ సమానంగా నష్టం చేస్తే శాఖకు కూడా తొందర ఉండేది. అలా లేదు. అప్పీలు వేసిన ఆర్థిక సంవత్సరం ముగిసిన ఏడాదిలోగా, 'సాధ్యమైన చోట', తేల్చాలని 1961 చట్టం చెప్పింది. ఆ రెండు మాటల వల్ల గడువు సలహాగా మారింది. ఈలోగా వసూలు ఆగదు. అప్పీలు తేలేదాకా వసూలు ఆపాలని అడగాల్సింది కూడా ఆ పన్ను వేసిన అధికారినే. వివాదంలోని డిమాండులో 15 శాతం కడితే మిగతాది ఆపవచ్చని బోర్డు 2016లో చెప్పి, 2017లో దాన్ని 20కి పెంచింది. పై రైతు లెక్కలో అది 1,54,500 రూపాయలు. ఈ 20 శాతం శిలాశాసనం కాదని, అంతకు తక్కువకూ స్టే ఇవ్వవచ్చని ఎల్‌జీ ఎలక్ట్రానిక్స్ కేసులో 2018లో సుప్రీంకోర్టు అనాల్సి వచ్చింది. ఇక వడ్డీ సంగతి. కట్టని డిమాండు మీద పన్నుదారు నెలకు 1 శాతం వడ్డీ కట్టాలి, కట్టిన సొమ్ము గెలిచాక వెనక్కి వస్తే శాఖ ఇచ్చేది నెలకు అర శాతం. తీర్పు ఆలస్యం చేసేది ఒకరు, దాని ధర చెల్లించేది మరొకరు. ఏడాది గడువు దాటిన రోజు నుంచి వడ్డీ, వసూలు రెండూ వాటంతట అవే ఆగిపోవాలి. అలా రాస్తే 'సాధ్యమైన చోట' అన్న మాటను తీసేయాల్సిన పనే ఉండదు, సాధ్యాసాధ్యాలను శాఖే చూసుకుంటుంది.

ఇంత ఉదారంగా ఉంటే ఖజానా గతేమిటని శాఖ అడగవచ్చు. ఎగవేతదారులు అప్పీలు వేసి హాయిగా కూర్చుంటారని, పెద్ద మొత్తాలు ఏళ్ల తరబడి చేజారుతాయని భయం. ఎగవేత నిజం, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కానీ శాఖ తన పట్టుదలతో ఎంత రాబట్టిందో చూడాలి. ట్రిబ్యునల్, హైకోర్టులు, సుప్రీంకోర్టు మూడు మెట్లలోనూ శాఖ విజయశాతం 30 లోపేనని ఆ ఆర్థిక సర్వేనే రాసింది. పైకోర్టుల్లో పదిలో ఏడు ఓడిపోతున్న పక్షం, తన ఇంట్లోని తీర్పరి తన వాదనను బలపరచాలని కోరుకుంటే, ఓడిపోయే కేసులనే ఇంకొంత ఖర్చుతో పైకి మోసుకెళ్తున్నట్టు. మొదటి మెట్టులో నిజాయితీగా తగ్గించిన పన్ను ఖజానాకు నష్టం కాదు, ఎలాగూ రాని సొమ్మును లెక్కలోంచి తీసేయడం మాత్రమే. అదే సర్వే ప్రకారం వివాద మొత్తంలో 56 శాతం కేవలం 0.2 శాతం కేసుల్లో ఉంది. ఎగవేతదారులను పట్టుకోవాలంటే చూపు నిలపాల్సింది ఆ కొద్ది కేసుల మీద. పొలం అమ్మిన డబ్బు మీద కాదు.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం అన్యాయం. చిన్న అప్పీళ్ల కోసం సుమారు వంద మంది జాయింట్ కమిషనర్లను నియమిస్తామని 2023 బడ్జెట్ చెప్పి, ఆ ఏడాదే పథకం తెచ్చింది. ట్రిబ్యునల్‌కు శాఖ వెళ్లాలంటే ఉండాల్సిన కనీస పన్ను మొత్తాన్ని 2024 సెప్టెంబరులో 60 లక్షలకు పెంచింది. అంటే చాలామంది చిన్న పన్నుదారులకు అప్పీళ్ల కమిషనర్ దగ్గర గెలుపే ఆఖరి గెలుపు. ఇది చాలా పెద్ద మేలు, దీనివల్లే ఈ మెట్టు ఇంతకుముందుకన్నా ముఖ్యమైంది. జవాబు రాక అధికారి తన అంచనాతో పన్ను వేసిన కేసులను తిరిగి అతని దగ్గరికే పంపే అధికారం 2024 అక్టోబరు నుంచి అప్పీళ్ల కమిషనర్లకు వచ్చింది. నోటీసు చూడక నష్టపోయిన రైతుకు ఇది రెండో అవకాశం. పెండింగు తగ్గించుకోవడానికి కేసులను కిందికి నెట్టే దారిగా వాడితే మాత్రం ఇంకో రెండేళ్ల తిప్పట. ఇన్ని మార్పులు చేసినా, 1961 చట్టం స్థానంలో సరళమైన భాషతో 2025లో కొత్త చట్టమే చేసినా, ఎవరూ ముట్టనిది ఒకటి ఉంది. అప్పీళ్ల అధికారులకు మార్కులు వేసే చెయ్యి మారలేదు. వాళ్లను వసూళ్ల లక్ష్యాలకు సంబంధం లేని ప్రత్యేక విభాగంగా చేసి, కనీస పదవీకాలం ఇచ్చి, వాళ్ల పనితీరు అంచనాలో శాఖ బయటి న్యాయానుభవం ఉన్నవారికి చోటివ్వడానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. కొత్త భవనం కూడా అక్కర్లేదు. 119వ సెక్షన్‌లో నాటినుంచీ ఉన్న హద్దుకు ప్రాణం పోయాలన్న నిర్ణయం చాలు.

ఆ నిర్ణయం వచ్చేదాకా పన్నుదారు చేతిలో ఉన్నవి వాడుకోవాలి. ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ సొంత ఈమెయిల్, ఫోన్ నంబరు ఉన్నాయో లేదో ఇవాళే చూసుకోండి, ఆడిటరుది ఉంటే మార్చుకోండి. డిమాండ్ నోటీసు వస్తే 30 రోజులు దాటనివ్వకండి. పహాణీ, అడంగల్, దస్తావేజుల తెలుగు ప్రతులతో పాటు ఇంగ్లిష్ అనువాదం జత చేయండి. అప్పీలులో వీడియో విచారణ కావాలని రాతపూర్వకంగా కోరండి. 2021 డిసెంబరు నుంచి అది అధికారి దయ కాదు, అడిగినవారికి ఇచ్చి తీరాల్సినది.